రెండు గుంతలు, ఒక్క చక్రం

"మిమ్మల్ని లోపలికి ఎవరు రానిచ్చారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తలుపు రానిచ్చింది. దాన్ని సస్పెండ్ చేయండి," అన్నాడు బాబాయి.

ఆయనకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది గాని, దాంతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తాడు. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది, పొట్ట మాత్రం ఎక్కడా ఆగలేదు. దొంగల దగ్గర్నుంచి పోలీసుల దాకా అందరికీ బాబాయే. ఒక్క ఇన్‌స్పెక్టర్ మాత్రం 'మీరు' అంటాడు. ఆ 'మీరు'లో మర్యాద కన్నా మంట ఎక్కువ.

బాబాయి వెనకే ఒకామె వచ్చి పోలీసు స్టేషను షెడ్డు గుమ్మంలో నిలబడింది. చంకలో మడత పెట్టిన దుప్పటి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్క గదిలో, ఊచల వెనక కూర్చున్న డ్రైవరు ఆమె తమ్ముడు. మధ్యాహ్నం అతన్ని కోర్టులో హాజరుపరుస్తారు. హత్యానేరం. ఒకసారి రిమాండు కాగితం మీద జడ్జీ సంతకం పడితే ఇక తమ్ముణ్ని ఇంట్లో చూడటం ఎన్నేళ్లకో, అసలు ఉంటుందో లేదో.

చచ్చిపోయింది కోతమిల్లు యజమాని. మొన్న సాయంత్రం వాన తగ్గాక, మిల్లు పెరట్లో దుంగల గుట్టకీ ఒక పికప్ బండికీ మధ్య పడి నలిగిపోయాడు. చంపిన బండి వెనక్కి పోబోయి బురదలో దిగబడింది. వెనక చక్రాలు కాసేపు తవ్వుకుని, ఎలాగో బయటపడి వెళ్లిపోయింది. చూసినవాళ్లు లేరు. మిల్లులో ఉన్నవి రెండే పికప్‌లు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే టైర్లు. తెల్లది డ్రైవరు నడిపి రాత్రి ఇంటికి తీసుకెళ్తాడు. నీలంది యజమాని అల్లుడిది. యజమానితో ఆ వారంలో ఇద్దరికీ గొడవైంది. ఇప్పుడు ఆ రెండు బండ్లూ పోలీసు షెడ్డులో పక్కపక్కనే, అలిగిన తోడికోడళ్లలా చెరోవైపు మూతి తిప్పుకుని నిలబడ్డాయి.

"కేసు అయిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీరు ఇంటికెళ్లి పడుకోవచ్చు."

"అమ్మాయి ఏడుస్తుంటే నిద్ర పట్టదు. ఎలా అయిపోయిందో చెప్పండి, వినేసి పోతాను."

ఇన్‌స్పెక్టర్‌కి వివరించి చెప్పడమంటే ఇష్టం. ఆ సంగతి బాబాయికి తెలుసు. ఫోనులో ఫొటో తెరిచి చూపించాడు. బురదలో రెండు గుంతలు. ఎడమదెంత లోతో, కుడిది అంతే లోతు.

"బండి వెనక చక్రాల మధ్యలో గుండ్రంగా ఇనప గుండు ఉంటుందే, అందులో ఉండేదే డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఆ తేడా అదే చూసుకుంటుంది. మామూలు రకం అయితే ఒక చిక్కుంది. బురదలో ఒక చక్రం జారిందంటే ఇంజను బలమంతా దానికే పోతుంది. అది గిరగిరా తిరుగుతుంది, రెండోది బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతుంది. గుంత ఒక్కటే పడుతుంది."

"మరి ఇక్కడ రెండు పడ్డాయి."

"అందుకే చెప్తున్నా. ఇంకో రకం ఉంది, లిమిటెడ్ స్లిప్ అంటారు. లోపల పళ్లేలు రెండు చక్రాల్నీ పట్టి ఉంచుతాయి. ఒకటి జారినా రెండోది లాగుతుంది. బురదలో రెండూ సమానంగా తవ్వుతాయి."

"అర్థమైంది. మొదటిది ఒకడు చేస్తుంటే ఇంకొకడు కూర్చుని చూసే కొంప. రెండోది ఇద్దరూ కలిసి గొయ్యి తవ్వే కొంప."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. షెడ్డు చివర జీపు చక్రం బిగిస్తున్న మేస్త్రి మాత్రం నవ్వాడు. పోలీసు బండ్లన్నీ చూసేది ఆయనే. తలంతా నెరిసింది. నడుముకి చిన్న డబ్బా వేలాడుతోంది. ఒక్కో నట్టు బిగించి, డబ్బాలో కుంచె ముంచి, దానిమీద తెల్లరంగు చుక్క పెడుతున్నాడు.

"జీపుని పెళ్లికి ముస్తాబు చేస్తున్నావా మేస్త్రీ?" అన్నాడు బాబాయి, వెళ్లి ఆ జీపు బానెట్ మీద మోచెయ్యి ఆనించి.

"చుక్క ఉంటే బిగించినట్టు బాబాయ్. లేకపోతే బిగించనట్టు. ఒకసారి మరిచిపోయా. చక్రం ఊడి బండి బోల్తా కొట్టింది, పాపం ఒకడికి కాలు పోయింది. అప్పట్నుంచి చుక్క పెట్టందే చెయ్యి ఊరుకోదు."

బానెట్ మీద ఇన్‌స్పెక్టర్ ఈల దారంతో సహా పడి ఉంది. బాబాయి చెయ్యి కూడా ఊరుకునే రకం కాదు. ఈల జేబులోకి జారిపోయింది. సాయంత్రం దాకా ఇన్‌స్పెక్టర్ వెతుక్కుంటుంటే చూడాలి, అంతే.

"ఏ బండిది ఏ రకమో ఎలా తెలిసింది?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"పొద్దున నా కళ్ల ముందే పరీక్ష చేయించా. మేస్త్రీ, ఈయనకీ ఒకసారి చూపించు."

మేస్త్రి జాకీ తోసుకొచ్చి తెల్ల బండిని వెనకవైపు ఎత్తాడు. ఎత్తగానే ఇరుసుకి అటూ ఇటూ రెండు లావుపాటి దుంగలు చేర్చాడు.

"జాకీ ఉన్నది ఎత్తడానికి, మొయ్యడానికి కాదు. దుంగ పెట్టకుండా బండి కిందికి దూరినవాణ్ని నేను మళ్లీ పనిలోకి రానివ్వను," అన్నాడు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఎడమ చక్రాన్ని రెండు చేతులతో ముందుకి తిప్పాడు. అవతల కుడి చక్రం కూడా ముందుకే తిరిగింది. బిర్రుగా, ఒకే మాట మీద ఉన్న అన్నదమ్ముల్లా.

తర్వాత నీలం బండి ఎత్తి, దానికీ అలాగే దుంగలు చేర్చాడు. ఎడమ చక్రం ముందుకి తిప్పితే కుడిది వెనక్కి తిరిగింది.

"చూశారా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎదురు తిరిగితే మామూలు రకం. కలిసి తిరిగితే లిమిటెడ్ స్లిప్. రెండు గుంతలు తవ్వగలిగేది తెల్లదొక్కటే. అది నడిపేది ఈవిడ తమ్ముడొక్కడే."

లెక్క తప్పు లేదు. బాబాయి ఆ లెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్కడా పగులు దొరకలేదు. ఇన్‌స్పెక్టర్ గర్విష్ఠి గాని తెలివితక్కువవాడు కాదు. అదే బాబాయికి దిగులు. వెధవ పోలీసుతో గెలవడం తేలిక, మంచి పోలీసుతోనే చావు.

"అమ్మాయ్, ఆ దుప్పటి ఇలా తే."

ఆమె వచ్చి దుప్పటి విప్పింది. ఉతికిన తెల్ల దుప్పటి. దాని మీద ఒక పక్క మాత్రం, ఎవరో దోసిళ్లతో చల్లినట్టు ఎండిన బురద.

"సాక్షిని తెచ్చారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెటకారంగా.

"అసలు సాక్షి మీ దగ్గరే ఉన్నాడు. నిన్న పొద్దున వీళ్లింటి నుంచి తెల్ల బండి నడుపుకొచ్చిన కానిస్టేబుల్ని పిలవండి."

వచ్చినవాడు తాటిచెట్టంత పొడుగు. ఆమెను చూడగానే తల దించుకున్నాడు.

"ఏం నాయనా," అన్నాడు బాబాయి. "ఈ దుప్పటి నీకు తెలుసా?"

"తెలుసు బాబాయ్. పొరపాటైంది. అప్పుడే అక్కకి చెప్పా, ఉతికించి ఇస్తానని."

"ఉతికించడం తర్వాత. బురద ఎలా పడింది?"

"వాళ్ల గేటు ముందు దిగుడు ఉంది. వాన నీళ్లు నిలిచాయి. బండి అందులో దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కితే బురద లేచి తీగ మీద దుప్పటికి కొట్టింది."

"ఏ చక్రం తిరిగింది?"

"ఎడమది."

"కుడిది?"

కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు మారడం మొదలైంది.

"కుడిది తిరగలేదు బాబాయ్. దిగి చూశా కదా. కదలకుండా అలాగే ఉంది. అక్కే గోనెసంచి తెచ్చి ఎడమ చక్రం కింద వేసింది. నలుగురం తోశాం."

"తమ్ముణ్ని పట్టుకుపోతున్న బండికి నేనే సంచి వేశాను," అంది ఆమె. మొదటిసారి నోరు విప్పింది. "బండి కదిలితే వాడి మీద చెయ్యి చేసుకోరేమో అనుకున్నాను."

జీపు దగ్గర మేస్త్రి స్పానరు తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"గేటు ముందు గుంత ఇంకా ఉంది, వెళ్లి చూసుకోండి," అన్నాడు బాబాయి. "ఒక్కటే గుంత. నిన్న పొద్దున ఈ తెల్ల బండి మామూలు రకం. ఇవాళ పొద్దున లిమిటెడ్ స్లిప్. రాత్రికి రాత్రి బుద్ధి మారడానికి అదేం మనిషి కాదు కదా."

ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా పడలేదు. "లోపలి పళ్లేలు అరిగిపోతే లిమిటెడ్ స్లిప్ కూడా ఒక్క చక్రాన్నే తిప్పుతుంది."

"మంచి మాట. అరిగినదైతే ఇప్పుడు చేత్తో తిప్పితే అంత బిర్రుగా ఎందుకుంది? మీరూ చూశారు."

"అయితే?"

"అయితే ఎవరో ఆ రెండు గుండ్ల లోపలి సరుకు మార్చేశారు. తెల్లదానిది నీలందానికి, నీలందానిది తెల్లదానికి. ఒకే మోడల్ కదా, అతికినట్టు సరిపోతాయి. బండ్లు రెండూ నిన్న పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాయి. అంటే మార్చింది మీ షెడ్డులోనే."

"నా షెడ్డుకి తాళం ఉంది."

"తాళంచెవి?"

"స్టేషన్లో, మేకుకి."

"అంటే స్టేషన్లో ఎవరైనా తీయొచ్చు. మీతో సహా."

ఇన్‌స్పెక్టర్ రెండడుగులు ముందుకొచ్చాడు. "ఏమంటున్నారు? మీలాంటివాళ్లు గడప దాటకుండా చూడటానికే నాకు సగం ఉద్యోగం సరిపోతోంది. ఇప్పుడు నేనే సాక్ష్యం మార్చానంటారా?"

"నేననలేదు. మధ్యాహ్నం జడ్జీ గారు అంటారేమో అంటున్నా. ఒక అమాయకుణ్ని బోనెక్కించాక ఈ దుప్పటి బయటికొస్తే, ముందు మిమ్మల్నే అడుగుతారు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్‌స్పెక్టర్ తెల్ల బండి కేసి ఒకసారి చూశాడు. ఈల కోసం జేబు తడుముకున్నాడు, కోపం వస్తే దాన్ని వేళ్ల మధ్య తిప్పడం అతనికి అలవాటు. దొరకలేదు.

"కోర్టు గుమాస్తాకి ఫోన్ చేసి వాయిదా అడుగుతాను. ఫోన్ పెట్టేసేలోగా నాకు రుజువు కావాలి. దుప్పటి కాదు, ఇనుములో రుజువు. లేకపోతే వాణ్ని తీసుకెళ్తాను, మిమ్మల్ని కూడా లోపల వేస్తాను." కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

"పోయి తమ్ముడితో మాట్లాడు అమ్మాయ్," అన్నాడు బాబాయి. "భయపడొద్దని చెప్పు. నేను భయపడుతున్నానని చెప్పకు."

ఆమె వెళ్లింది. షెడ్డులో బాబాయి, మేస్త్రి, రెండు బండ్లు మిగిలారు.

"కింద దూరి చూస్తావా బాబాయ్?" అన్నాడు మేస్త్రి. "నీలం బండి చూడు, ఎలాగూ ఎత్తే ఉంది. ఉండు, చక్రాలు తీసేస్తాను. అవి ఉంటే నీ పొట్ట దూరదు."

"నా పొట్ట మీద నీకున్న జాలి నా పెళ్లానికి కూడా లేదు."

మేస్త్రి చకచకా రెండు చక్రాలూ ఊడదీసి పక్కన పెట్టాడు. బాబాయి ఒక గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, ఉస్సురంటూ కిందికి జరిగాడు. సరిగ్గా గుండె మీదకి వచ్చింది ఇనప గుండు. జానెడు ఎత్తులో ఉంది. వెనకవైపు మందంగా మట్టి పెట్టుకుపోయి ఉంది.

జేబులోంచి తాళంచెవి తీసి మట్టి గీకాడు. ఆయిలు పోసే మూత పక్కన ఏదో మెరిసింది. ఉమ్మితో తడిపి రుద్దాడు. చిన్న రేకు బిళ్ల, గుండుకే అతికించి ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

లిమిటెడ్ స్లిప్ ఆయిలు మాత్రమే పొయ్యాలి.

బాబాయి ఊపిరి బిగబట్టాడు. సరుకు ముందువైపు నుంచి మార్చారు, గుండు బండికే ఉండిపోయింది. గుండు మీద బిళ్ల గుండు మీదే ఉండిపోయింది. మట్టి కింద ఉన్న దాన్ని మార్చినవాడు చూసుకోలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున రెండు గుంతలు తవ్వగల బండి ఇదే. అల్లుడి బండి. పక్క గదిలో పిల్లాడు బతికాడు.

సంతోషంలో తల ఇంకాస్త ముందుకి జరిపి, సరుకు బిగించిన చోటు చూశాడు. చుట్టూ నట్లు. ఒక్కో నట్టు మీద తెల్లగా ఒక చుక్క.

వేలితో తాకాడు. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలికి అంటింది.

మిల్లు బండ్లు ఈ షెడ్డులోకి నిన్నటి దాకా రాలేదు. ఈ నట్లు బిగించింది ఎవరో ఆ వేలి మీద తెల్లగా రాసి ఉంది. దొంగపని చేస్తూ కూడా చుక్క పెట్టడం మానలేకపోయాడు. పెట్టకపోతే ఊరుకోని చెయ్యి.

"దొరికిందా బాబాయ్?"

గొంతు దగ్గర్లోనే ఉంది. బండి కింద నుంచి రెండు చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. తలుపు గడియ పడిన చప్పుడు బాబాయి గమనించనే లేదు.

"దుమ్ము తప్ప ఏమీ లేదు మేస్త్రీ. లాగు నన్ను, నడుం పట్టేసింది."

"నువ్వు అబద్ధం ఆడితే నవ్వు వస్తుంది. ఇప్పుడు రావట్లేదు." చెప్పులు ఇరుసు ఎడమ పక్కకి వచ్చాయి. "మిల్లు యజమాని అల్లుడు ఉన్నాడే, వాడు నా మేనల్లుడు. మా చెల్లి పోతూ పోతూ వాణ్ని నా చేతుల్లో పెట్టింది. ఈ స్టేషన్లో ఎవరికీ తెలియదు. చంపాలనుకోలేదంట. కోపంలో యాక్సిలరేటర్ తొక్కేశాడంట. నా కాళ్ల మీద పడి ఏడ్చాడు."

"అవతల అక్క కూడా ఏడుస్తోంది కదయ్యా."

"ఆవిడ తమ్ముడు నీకు కనపడ్డాడు. నాకు నా చెల్లెలు కనపడింది. ఏం చెయ్యను చెప్పు."

మేస్త్రి కాలితో తన్నాడు. ఎడమ దుంగ దొర్లిపోయింది. చెప్పులు నిదానంగా అటువైపు నడిచాయి. కుడి దుంగ కూడా దొర్లింది. దుంగ పెట్టకుండా దూరినవాణ్ని పనిలోకి రానివ్వనన్న మనిషి జాకీ పిడి మీద చెయ్యి వేశాడు.

"జాకీ జారిందంటే అందరూ నమ్ముతారు. బిళ్ల ఊడబెరుకుతాను. చుక్కలు తుడిచేస్తాను. కళ్లు మూసుకో బాబాయ్, తొందరగా అయిపోతుంది."

బాబాయి పక్కకి దొర్లబోయాడు. పొట్ట ఇరుసుకి తట్టుకుంది. చక్రాలు ఎందుకు తీశాడో ఇప్పుడు అర్థమైంది. తాను చస్తే ఆ చుక్కలు చూసినవాడు ఇంకొకడు లేడు. సాయంత్రానికి నట్లు శుభ్రంగా ఉంటాయి. ఆ పిల్లాడికి తాళం పడుతుంది, ఆమె చేతిలో బురద దుప్పటి ఒక్కటే మిగులుతుంది.

జాకీ బుసకొట్టింది. గుండు దిగడం మొదలైంది. చల్లని ఇనుము చొక్కాని తాకింది, తర్వాత ఎముకని. అరవడానికి గాలి చాలదు. నలిగిపోతున్న రొమ్ములో ఒక్క ఊపిరికి సరిపడా మిగిలింది. దాన్ని దాచుకుంటే నాలుగు క్షణాలు ఎక్కువ బతకొచ్చు.

వేళ్లకి జేబులో దారం తగిలింది.

నోట్లో పెట్టుకున్నాడు. ఉన్న ఊపిరంతా ఊదేశాడు.

అవతలి గదిలో ఇన్‌స్పెక్టర్ ఫోను చెవికి పెట్టుకుని గుమాస్తాతో వాదిస్తూ, రెండో చేత్తో బల్ల సొరుగులో ఈల వెతుకుతున్నాడు. గడియ వేసిన షెడ్డులోంచి తన ఈల తనకే వినపడేసరికి తలెత్తాడు. ఫోను కింద పడేసి పరిగెత్తాడు. అతని కన్నా ముందు దుప్పటి చంకన పెట్టుకున్న మనిషి పరిగెడుతోంది.

ఈల ఒక్కసారే మోగింది. రెండోసారి మోగలేదు.